పాట నేర్చుకోవడానికి ఎఫ్‌డీ తీయాలా?

ప్రశ్న: నా వయసు 25. హైదరాబాద్‌లో ఉద్యోగం. చేతికి నెలకు రూ.42 వేలు వస్తాయి. హాస్టల్, భోజనానికి 9,500, ఇంటికి 10 వేలు, మిగతా ఖర్చులకు 8,500 పోతాయి. చిన్నప్పుడు విజయవాడలో వర్ణాల (కీర్తనలకు ముందు మెట్టు) దాకా శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నాను. ప్లేబ్యాక్ సింగర్‌ని కావాలని ఉంది. ఒక అకాడమీ ఏడాది కోర్సుకు 3 లక్షలు ముందే కట్టమంటోంది, సినిమాలో పాడే అవకాశం ఇప్పిస్తామంటోంది. ఇంకో మేడమ్ విడిగా ఒక్కరికే నేర్పిస్తారు, గంట క్లాసుకు 1,500. నాన్నగారు నా పేరిట వేసిన 4 లక్షల ఎఫ్‌డీ ఉంది. అది తీయనా, పర్సనల్ లోన్ తీసుకోనా? ఉద్యోగం మానేద్దామనీ ఉంది.

జవాబు: ఎఫ్‌డీ కదపకండి, అప్పు వద్దు, ఉద్యోగం మానొద్దు. పాట మాత్రం ఈ నెలలోనే మొదలుపెట్టండి. మీకు నెలకు మిగిలే 14 వేలు దానికి సరిపోతాయి.

ముందు అకాడమీ లెక్క చూద్దాం. 3 లక్షల మీద 18 శాతం జీఎస్టీ విడిగా వేస్తారేమో అడగండి. వేస్తే 3,54,000 అవుతుంది. అదే డబ్బుతో మేడమ్ దగ్గర 236 క్లాసులు వస్తాయి. వారానికొకటి చొప్పున నాలుగున్నరేళ్లు! అకాడమీ ఇచ్చే గంటల్లో మీ ఒక్కరికే నేర్పేవి ఎన్ని, బ్యాచ్‌లో కూర్చోబెట్టేవి ఎన్ని? పదిమంది బ్యాచ్‌లో గంటకు మీ గొంతు వినేది ఆరు నిమిషాలు. ఇక సినిమా అవకాశం మాట. ఏ పాటకు ఏ గొంతు కావాలో తేల్చేది సంగీత దర్శకుడు. ఫీజు రసీదుతో పాటు ఆ అవకాశం ఎవరూ ఇవ్వలేరు. ఆ మాట నమ్మి దాచుకున్న డబ్బు కట్టేసే పిల్లల్ని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

లోన్ తీసుకుంటే 3 లక్షలకు 14 శాతం వడ్డీతో మూడేళ్లపాటు నెలకు సుమారు 10,250 కట్టాలి. వడ్డీకే 69 వేల దాకా పోతుంది. ప్రైవేటు పాఠాలకు చౌక వడ్డీ విద్యారుణం దొరకదు, ఈ ఫీజుకు పన్ను మినహాయింపూ రాదు.

మేడమ్ దగ్గర వారానికి రెండు క్లాసులు ఆలోచిస్తున్నారేమో, ఒకటి చాలు. మంచి క్లాసు ఎలా సాగుతుందంటే, శ్రుతి పెట్టుకుని పావుగంట అకార సాధన ('ఆ' అంటూ స్వరాలు పాడటం), తర్వాత ఒక్క చరణంలో ఒక్క లైను పదిసార్లు. ఊపిరి ఎక్కడ చాలడం లేదు, పైస్థాయిలో గొంతు ఎక్కడ బిగుస్తోంది, మైకు దగ్గర 'ప', 'భ' ఎలా పేలుతున్నాయి, ఇవన్నీ పట్టుకుని చెబుతారు. చెప్పినవి గొంతులో కూర్చోవాలంటే వారమంతా సాధన చేయాలి. అసలు చిక్కు అక్కడే ఉంది. హాస్టల్లో తెల్లవారుజామున గొంతెత్తి పాడగలరా? నన్నడిగితే రెండో క్లాసుకు నెలకు పెట్టే 6 వేలలో సగంతో, స్నేహితులతో కలిసి విడి గది ఉన్న ఇంటికి మారండి. రోజూ గంట సాధన దొరుకుతుంది. పాట కోసం మీరు పెట్టే ఖర్చులో అన్నిటికన్నా విలువైనది అదే.

అంటే 14 వేలలో క్లాసులకు 6 వేలు, గదికి అదనంగా 3 వేలు, 3 వేలు రికరింగ్ డిపాజిట్‌లో. ఏడాదికి 36 వేలు, పైన వడ్డీ. దాంతో మీ గొంతుకు నప్పే రెండు మూడు పాటలు మంచి స్టూడియోలో రికార్డు చేయించుకోండి. మిగిలిన 2 వేలు ఆరోగ్య బీమాకు, గొంతు బొంగురు రెండు వారాలకు మించి తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు. ఏ నెల ఫీజు ఆ నెలే కట్టండి. గురువు నప్పకపోతే మారే వీలుంటుంది.

ఫీజు ఇంకా తగ్గాలంటే రాంకోటిలోని త్యాగరాజ ప్రభుత్వ సంగీత కళాశాలలో వాకబు చేయండి. శాస్త్రీయం అక్కడ, మైకు పాట మేడమ్ దగ్గర సాగించవచ్చు.

సంపాదన మొదట్లో కోరస్, ట్రాక్ (అసలు గాయకుల కన్నా ముందు నమూనాగా పాడిపెట్టేది), పెళ్లిళ్ల సంగీత్‌ల నుంచే వస్తుంది. ట్రాక్ పాడితే డబ్బెంతో, ఎప్పుడిస్తారో ముందే మెసేజ్‌లో రాయించుకోండి. అమెరికాలోని తెలుగు పిల్లలకు శని, ఆదివారాల్లో ఉదయం ఆన్‌లైన్‌లో సరళీ స్వరాలు, జంట స్వరాలు లాంటి తొలి పాఠాలు నేర్పినా మీ క్లాసుల ఖర్చు వెనక్కి రావచ్చు. పేరొచ్చే పాట పాడినప్పుడు ఒప్పందం చదవకుండా సంతకం చేయకండి. 2012లో కాపీరైట్ చట్టం సవరించాక గాయకులకూ రాయల్టీ హక్కు ఉంది.

ఉద్యోగం సంగతి: గదికి అదనంగా పెట్టే 3 వేలు కలిపితే మీ నెల ఖర్చు 31 వేలు. ఆరు నెలలకు 1,86,000, అది ఎఫ్‌డీలో భద్రంగా ఉంది. పాట మీద వచ్చేది వరుసగా ఆరు నెలలు 31 వేలు దాటితే అప్పుడు రాజీనామా గురించి మళ్లీ రాయండి. ఈలోగా ఎఫ్‌డీ గడువు తీరితే అదే బ్యాంకులో రెండు భాగాలుగా వేయండి. అవసరం పడితే ఒకటే విరుస్తారు, రెండోదాని వడ్డీ తగ్గదు.