ఆక్స్‌ఫర్డ్‌లో ఏడాదికి 12 లక్షలు చాలతాయా?

ప్రశ్న: మా అమ్మాయికి ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీలో 12 నెలల ఎమ్మెస్సీ సీటు వచ్చింది. ఫీజుకి బ్యాంకు లోన్ తీసుకుంటున్నాం. అక్కడి ఖర్చులకి వీసా కోసం చూపించే 12 లక్షలు చాలతాయని, తక్కువైతే పార్ట్ టైమ్ చేసుకోవచ్చని కన్సల్టెన్సీలో చెప్పారు. నమ్మొచ్చా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: అమ్మాయికి ముందుగా అభినందనలు. ఇక మీ ప్రశ్నకొస్తే, ఆ 12 లక్షలు చాలవు. పార్ట్ టైమ్ మాటని లెక్కలోకే తీసుకోకండి.

12 లక్షలు ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. లండన్ బయట చదివేవాళ్లు నెలకి 1,171 పౌండ్ల చొప్పున ఖాతాలో చూపించాలని వీసా రూల్. 2025 నవంబర్ నుంచి ఇదే రేటు. అయితే కోర్సు ఎంత పొడవున్నా తొమ్మిది నెలలకే అడుగుతారు. అంటే 10,539 పౌండ్లు. పౌండుకి 115 రూపాయలు వేసుకుంటే మీకు చెప్పిన 12 లక్షలు అవే. బ్రిటన్‌లో లండన్ తప్ప మిగతా ఊళ్లన్నిటికీ ఒకటే అంకె. ఆక్స్‌ఫర్డ్ ఖరీదైన ఊరని వీసా ఆఫీసుకి పట్టదు, ఇంటి ఓనరుకి మాత్రం బాగా తెలుసు.

యూనివర్సిటీ స్వయంగా వేసిన అంచనా వేరు. 2026-27కి నెలకి 1,405 నుంచి 2,105 పౌండ్లు అవుతుందని చెప్పింది. అందులో గది అద్దే 825 నుంచి 990. పొదుపుగా ఉండే పిల్ల అనుకుని తక్కువ అంకెనే తీసుకున్నా, 12 నెలలకి 16,860 పౌండ్లు, అంటే 19 లక్షల పైమాట. మీ దగ్గరున్నదానికీ దీనికీ ఏడు లక్షల తేడా. పైగా అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం వీసాతో పాటే కట్టాల్సిన హెల్త్ సర్‌చార్జ్ ఉంది, విద్యార్థులకి ఏడాదికి 776 పౌండ్లు. కోర్సు ఏడాదే అయినా వీసా ఇంకొన్ని నెలలు ఎక్కువ ఇస్తారు కాబట్టి, ఆ నెలలకి మరో సగం కలిపి 1,164 దాకా అవుతుంది.

ఇప్పుడు పార్ట్ టైమ్ సంగతి. వీసా ప్రకారం టర్మ్ నడుస్తుండగా వారానికి 20 గంటలు చేయొచ్చు, నిజమే. వేసవి సెలవుల్లో ఫుల్ టైమ్ చేసుకోవచ్చని చాలామంది అనుకుంటారు, ఇక్కడే దెబ్బ తింటారు. మాస్టర్స్ వాళ్లకి డిసర్టేషన్ (చివర్లో రాసే పరిశోధన వ్యాసం) ఇచ్చేదాకా వేసవి కూడా చదువు కాలం కిందే లెక్క, అప్పుడూ ఆ 20 గంటలే. పైగా అక్కడ టర్మ్ ఎనిమిది వారాలే. ఆ ఎనిమిది వారాల్లో చదివించేది చూస్తే నిద్రకి టైమ్ దొరికితే గొప్ప. నెలకి కాస్త చేతిఖర్చు సంపాదించుకుంటే సంతోషం, కానీ అద్దె దాని మీద పెట్టుకోకూడదు.

తిండి ఖర్చు ఎలా తేలుతుందో ఎవరూ చెప్పరు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. యూనివర్సిటీ అంచనాలో భోజనం 315 నుంచి 545 పౌండ్లు. ఇంత తేడా పిల్ల తిండి వల్లే కాదు, వంటగది వల్ల కూడా వస్తుంది. అక్కడ గదులు ఇచ్చేది ఎక్కువగా యూనివర్సిటీలో భాగమైన కాలేజీలే. కొన్నిచోట్ల స్టవ్ ఉన్న వంటగది ఉంటుంది. కొన్నిచోట్ల మైక్రోవేవ్, కెటిల్‌తో సరి, మిగతాదంతా కాలేజీ భోజనాల హాల్లో కొనుక్కుని తినాలి. అందుకే గది ఒప్పుకునేముందు, “స్టవ్ ఉందా, ఫ్రిజ్‌లో ఎంత చోటిస్తారు” అని అమ్మాయి చేత మెయిల్ పెట్టించండి. స్టవ్ ఉంటే చాలు. ఆ ఊళ్లోని కౌలీ రోడ్డులో మన పప్పులూ బియ్యమూ దొరుకుతాయి, సూపర్ మార్కెట్లలో సాయంత్రం పసుపు స్టిక్కర్ వేసిన సరుకు తగ్గింపు ధరకి వస్తుంది. మన పిల్లలు మొదటి నెలంతా ప్రతి ధరనీ 115తో గుణించి కడుపు మాడ్చుకుంటారు. ఫోన్లో “తిన్నావా” అని అడిగితే “ఆ తిన్నా” అంటారు, నమ్మకండి.

కాలేజీ గది అయితే అద్దె నెల నెలా కట్టొచ్చనుకోకండి. చాలా కాలేజీల్లో టర్మ్ మొదట్లోనే బిల్లు వస్తుంది, దాన్ని అక్కడ బ్యాటెల్స్ అంటారు. కాబట్టి అక్టోబర్‌లో ఒకేసారి పెద్ద మొత్తం చేతిలో ఉండాలి. బయట గది తీసుకుంటే ఐదు వారాల అద్దె దాకా డిపాజిట్ అడగొచ్చు. అందరూ ఫుల్ టైమ్ విద్యార్థులే ఉన్న ఇంటికి కౌన్సిల్ ట్యాక్స్ (అక్కడి స్థానిక ఇంటి పన్ను) ఉండదు, ఉద్యోగస్తులతో కలిసి ఉంటే మాత్రం ఆ బిల్లు తలుపు తడుతుంది. బస్సు ఖర్చు గురించి టెన్షన్ వద్దు. ఊరు చిన్నది, సెకండ్ హ్యాండ్ సైకిల్, గట్టి తాళం, రాత్రికి లైట్లు ఉంటే పనైపోతుంది.

లోన్ ఇంకా మంజూరు కాలేదు కాబట్టి ఫీజుతో పాటు 20 లక్షల జీవన ఖర్చు కూడా అందులో చేర్చమని బ్యాంకుని అడగండి. కోర్సు మధ్యలో లోన్ పెంచమని అడగాలంటే బ్యాంకు చుట్టూ తిరగలేక చస్తారు. లోన్ కాకుండా మీ ఖాతాలో డబ్బు చూపిస్తే అది వరసగా 28 రోజులు కదలకుండా ఉండాలి, ఒక్కరోజు తగ్గినా వీసా తిరస్కరిస్తారు. ఈ వారంలోనే కాలేజీకి రెండు ప్రశ్నలు పంపించండి: గది ఎన్ని వారాలకి ఇస్తారు, మొదటి బ్యాటెల్స్ ఏ తేదీకి కట్టాలి. జవాబు వచ్చాక ఆ తేదీ పట్టుకుని బ్యాంకుకి వెళ్లండి.