మేనల్లుడికి, బాణం బరువు గురించి

మారేడ్‌పల్లి, హైదరాబాద్

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

వచ్చే నెలలో నువ్వు టెక్సాస్‌లో విల్లుతో చుక్కల దుప్పి వేటకు వెళ్తున్నావని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి నాకు నిద్ర సరిగా పట్టడం లేదు. మా డాబా మీద గోనెసంచికి గురిపెట్టిన పిల్లవాడు ఇంతవాడయ్యాడన్న గర్వం ఉంది, కానీ నేను చేసిన తప్పే నువ్వూ చేస్తావేమోనన్న భయం అంతకన్నా ఎక్కువగా ఉంది.

లైసెన్సు సంగతి నీకు తెలిసినదే. దుప్పి పక్కకు తిరిగి నిలబడితేనే బాణం వదులు, ఇరవై గజాలు దాటితే వదలకు.

1998లో నేను అక్కడ ఉద్యోగం చేస్తున్నప్పుడు, వేగమే బలమని నమ్మి 360 గ్రెయిన్ల బాణాలు కొన్నాను. అంటే ఒక్కొక్కటి సుమారు 23 గ్రాములు. ఇరవై గజాలలో నిలబడిన దుప్పి మీద వదిలినప్పుడు గురి అరచేతి వెడల్పు ముందుకు తప్పి, బాణం భుజం ఎముకకు తగిలి, రెండంగుళాలు కూడా దిగకుండా ములికి వెనకనే విరిగిపోయింది. టార్చిలైటుతో తెల్లవారేదాకా గడ్డిలో నెత్తుటి చుక్కలు వెదికాను, అవి ఒక ఎండిన వాగు దగ్గర ఆగిపోయాయి, దుప్పి మాత్రం దొరకలేదు. 1932లో టెక్సాస్‌లో ప్రవేశపెట్టిన ఆ జాతి మన హరిణ వనస్థలిలో తిరిగే దుప్పులదే కాబట్టి, ఈనాటికీ అక్కడికి వెళ్తే నాకు ఆ రాత్రే గుర్తుకొస్తుంది.

ఆ తర్వాతే నేను లెక్క వేసుకున్నాను. ఒకే విల్లు నుంచి 400 గ్రెయిన్ల బాణం సెకనుకు 280 అడుగులు పోతే, 550 గ్రెయిన్లది 240 అడుగుల దాకా తగ్గవచ్చు, అయినా బరువును వేగంతో గుణిస్తే రెండోదానికే ఆరో వంతుకు పైగా ఎక్కువ వస్తుంది, ఎముక తగిలినప్పుడు బాణాన్ని ముందుకు తోసేది అదే. దక్షిణాఫ్రికాలో పరీక్షలు చేసిన డాక్టర్ ఎడ్ ఆష్‌బీ పెద్ద ఎముకకు 650 గ్రెయిన్లు కావాలన్నాడు. దుప్పికి అంత అక్కర్లేదు గానీ, నువ్వు మాత్రం 500కు తగ్గకు.

బరువు ఎక్కడుందన్నది కూడా అంతే ముఖ్యం. బాణాన్ని వేలి మీద నిలిపి, నారి గాడి నుంచి తూకం కుదిరిన చోటు దాకా కొలువు. 28 అంగుళాల బాణం 18 అంగుళాల దగ్గర నిలిస్తే, సగానికి నాలుగు అంగుళాలు ముందున్నట్టు, అంటే బాణం పొడవులో 14 శాతం. నా పాత బాణం 16 దగ్గరే నిలిచేది, ఏడు శాతమే. బరువు ముందుంటే ములికి ఆగినప్పుడు వెనక కాడ తక్కువగా వంగుతుంది, తోపు వంపులో వృథా కాదు. అయితే ముందు బరువు పెంచితే విల్లు వదిలేటప్పుడు కాడ మెత్తబడినట్టు వంగుతుంది కాబట్టి, ములికి ఒక్కటే మార్చి ఊరుకోకు నాయనా; గట్టి కాడ తీసుకో, కాడ గట్టితనం చెప్పే అంకె ఎంత తక్కువైతే అది అంత గట్టిదని గుర్తుంచుకో, అది తిన్నగా పోతుందో లేదో ఈకలు లేని బాణంతో ముందు కొట్టి చూడు.

ములికి పదును నువ్వే పెట్టు, ఇంకొకరికి అప్పగించకు. వెళ్ళే ముందు బాణం బరువు, తూకపు కొలత రెండూ నాకు వ్రాసి పంపు. ఆ రాత్రే చూసి జవాబిస్తాను.

మీ మామయ్య