ఇంట్లో సిగ్నల్ లేదా? ఫోన్‌లో వైఫై కాలింగ్ ఉండాల్సిందే

అన్నా, దేవరకొండ దగ్గర స్లాబ్ ఇంట్లో సిగ్నల్ ఒక్క గీతే, ఫైబర్ నెట్ మాత్రం బాగుందన్నారు. కొత్త ఫోన్‌కు వైఫై కాలింగ్, అంటే టవర్ సిగ్నల్‌కు బదులు ఇంటి వైఫై మీద మామూలు కాల్ నడిచే సౌకర్యం, అవసరమా అంటే, మీకు కెమెరా కన్నా అదే ముఖ్యం. వాట్సాప్ కాల్ దీనికి బదులు కాదు: అవతలివాళ్లకు నెట్ ఉండాలె, అత్యవసర నంబర్ 112కు పోదు. వైఫై కాలింగ్‌లో మీ నంబరే, మీ ప్యాకే. అవతల డబ్బా ఫోనైనా మోగుతది.

సెట్టింగ్స్‌లో సిమ్ తెరిచి వోల్టీ (VoLTE, 4జీ మీద కాల్ నడిపే పద్ధతి), వైఫై కాలింగ్ రెండూ ఆన్ చేయండి. వోల్టీ ఆపితే, మాట్లాడుకుంట వాకిట్లోకి వచ్చి వైఫై దాటంగనే కాల్ తెగుతది. జియో సిమ్‌కైతే వోల్టీ లేనిదే మామూలు కాలే పోదు, ఆ కంపెనీకి పాత 2జీ నెట్‌వర్క్ లేదు. విదేశం నుంచి తెచ్చిన ఫోన్లలో ఈ ఆప్షన్లు ఒక్కోసారి కనబడనే కనబడవు, జాగ్రత్త.

కొనే ముందు మీ సిమ్ వేసి, ఏరోప్లేన్ మోడ్ పెట్టి, వైఫై ఒక్కటే ఆన్ చేసి కాల్ కలపండి. కలిస్తే కొనండి.

కరెంటు పోతే రౌటర్ ఆగి కాల్ కూడా పోతది. అడాప్టర్ మీద 12 వోల్టులని ఉంటే, అదే వోల్టేజీ మినీ యూపీఎస్ (రౌటర్‌ను నడిపే చిన్న బ్యాటరీ డబ్బా) పెట్టండి.