ట్యూటర్‌గా వెళ్తున్న బుజ్జికి అత్త రాస్తున్నది

బుజ్జీ,

నువ్వు ఐసీయూ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చావని, రాజమండ్రిలో ఏదో నర్సింగ్ కాలేజీలో ట్యూటర్‌గా చేరబోతున్నావని అన్నయ్య నిన్న ఫోన్లో చెప్పాడు. తర్వాత ఎమ్మెస్సీ కూడా చేస్తానన్నావట. మన ఇంట్లో నా తర్వాత నర్సింగ్‌లోకి వచ్చినదానివి నువ్వొక్కదానివే. ఇప్పుడు పదిమందికి నేర్పడానికి వెళ్తున్నావంటే రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు, అంత సంతోషం వేసింది. కానీ అన్నయ్య ఇంకో మాట కూడా అన్నాడు: "ఇక నైట్ డ్యూటీలు లేవు, పేషెంట్ల గోల లేదు, పొద్దున తొమ్మిదింటికి వెళ్లి నాలుగింటికి ఇంటికి వచ్చేస్తుంది." అది మీ నాన్న మాటా, నీ మాటా? నీ మాటే అయితే ఈ ఉత్తరం చివరిదాకా చదువు.

ముందు కాగితాల సంగతి చెప్పేస్తాను. రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ రెండూ చేతికొచ్చాకే ఆ హాస్పిటల్ గేటు దాటు. నర్సింగ్ కౌన్సిల్‌లో నీ రిజిస్ట్రేషన్ గడువు ఎప్పటిదాకా ఉందో చూసుకో. ఎమ్మెస్సీ అయ్యాక దాన్ని అడిషనల్ క్వాలిఫికేషన్‌గా రిజిస్టర్ చేయించుకో. మొదట్లో జీతం ఇప్పటికంటే తగ్గొచ్చు, దానికి సిద్ధంగా ఉండు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరికీ ఇవ్వకు. చేరేటప్పుడు "మా దగ్గర ఉంచండి మేడమ్, భద్రంగా ఉంటాయి" అంటారు. చూపించు, జిరాక్సులు ఇవ్వు, ఒరిజినల్స్ అక్కడికక్కడే వెనక్కి తీసుకో. గవర్నమెంట్ పోస్టుకి వెరిఫికేషన్ పిలుపు వచ్చి, ఒరిజినల్స్ కాలేజీ బీరువాలో ఇరుక్కుపోయి, నెలల జీతం కట్టి విడిపించుకున్న అమ్మాయిలు నాకు తెలుసు. ఇంకో రకం కాలేజీలూ ఉంటాయి. ఇన్‌స్పెక్షన్ రోజు వచ్చి కూర్చుంటే చాలు, మిగతా రోజులు రానక్కర్లేదు అంటారు. అలాంటి చోటికి వెళ్లావని తెలిస్తే నేనే వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేస్తాను. టీచరే లేని కాలేజీలో చదివిన పిల్ల రేపు ఎవరి మంచం దగ్గర నిలబడుతుందో ఆలోచించు.

ఎమ్మెస్సీ రెండేళ్లు. బీఎస్సీ తర్వాత కనీసం ఏడాది అనుభవం అడుగుతారు, నీకు అంతకంటే ఎక్కువే ఉంది. మెడికల్ సర్జికల్, కమ్యూనిటీ, పిల్లలది, ప్రసూతిది, సైకియాట్రీ, ఈ ఐదింట్లో ఏది తేలిక అని ఎవరినీ అడగకు. నీ చేతులు వెంటిలేటర్ పక్కన పండాయి. మెడికల్ సర్జికల్ తీసుకుని అందులో క్రిటికల్ కేర్ వైపు వెళ్లు. అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే ఎమ్మెస్సీ తప్పదు కాబట్టి ట్యూటర్ ఉద్యోగంలో సుఖపడిపోయి ఏళ్లు గడిపేయకు.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది.

నేను మెడికల్ వార్డు ఇన్‌చార్జిగా ఉన్న రోజుల్లో ఒక కాలేజీ పిల్లలు పోస్టింగ్‌కి వచ్చేవారు. వాళ్లతో వచ్చే ట్యూటర్ బాగా చదువుకున్న మనిషి, బోర్డు మీద బొమ్మ వేస్తే పుస్తకంలో అచ్చువేసినట్టు ఉండేది. కానీ వార్డులోకి రాగానే డ్యూటీ రూములో కూర్చుని ఇంటర్నల్ మార్కులు వేసుకునేది. పిల్లలు ఏం చేస్తున్నారో చూడకుండానే లాగ్‌బుక్కుల్లో, అంటే వాళ్లు చేసిన పనులు రాసుకునే పుస్తకాల్లో, సంతకాలు పెట్టేది. బయటికి వచ్చిందంటే ఎవరో ఒకర్ని పేషెంట్ల ముందే అరవడానికే. మంచం మీద దుప్పటి మడత సరిగ్గా లేదని ఒక పిల్లని చుట్టాలందరి ఎదుట నిలబెట్టి తిట్టింది. శ్రీకాకుళం వైపు పల్లెటూరి పిల్ల. ఇంగ్లిష్ రాదని అప్పటికే బిక్కచచ్చి ఉండేది.

ఆ తర్వాత కొద్ది రోజులకే ఇది జరిగింది. ఒక షుగర్ పేషెంటుకి భోజనానికి ముందు ఇరవై యూనిట్ల రెగ్యులర్ ఇన్సులిన్ రాశారు. మా వార్డులో ఎప్పుడూ వాడేది మిల్లీలీటరుకి 40 యూనిట్ల వయల్ (మందు సీసా), దానికి సరిపోయే ఎర్ర మూత సిరంజి. ఆ రోజు స్టాకు లేక, పేషెంటు కొడుకు బయటినుంచి కొనుక్కొచ్చాడు. అది మిల్లీలీటరుకి 100 యూనిట్ల వయల్. దానికి నారింజ మూత సిరంజి వాడాలి. ఆ పిల్ల ట్రేలో ఉన్న ఎర్ర మూత సిరంజి తీసి ఇరవై గీత దాకా లాగి ఇచ్చేసింది. అంటే అర మిల్లీలీటరు, ఆ వయల్ లెక్కలో యాభై యూనిట్లు. పక్కన నిలబడి వయల్ చదివి, సిరంజి చూసి "ఆగు" అనాల్సిన మనిషి డ్యూటీ రూములో ఉంది.

ట్రే సర్దుతుంటే వయల్ మీద అంకె ఆ పిల్ల కంట పడింది. తప్పు జరిగిందని ఆ క్షణమే తెలిసింది. అయినా ఎవరికీ చెప్పలేదు. స్టోర్ రూములోకి వెళ్లి ఏడుస్తూ కూర్చుంది. పేషెంటు భార్య పరుగెత్తుకొచ్చి "మా ఆయనకి చెమటలు పట్టేశాయి, ఏదేదో మాట్లాడుతున్నాడు" అనే దాకా మాకు ఏమీ తెలియదు. షుగర్ చూస్తే నలభై కూడా లేదు. 25 శాతం డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజు) ఎక్కించి, తెల్లవారేదాకా షుగర్ చూస్తూ కాపలా కాశాం. మనిషి దక్కాడు.

ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగితే "మేడమ్ మళ్లీ అందరి ముందూ తిడతారని" అంది. నాకు ఒళ్లు జలదరించింది. సిరంజి తారుమారు కావడం ఎవరికైనా జరగొచ్చు. తెలిసీ ఆ పిల్ల నోరు విప్పలేకపోయిందే, ఆ ఆలస్యంలో ఒక ప్రాణం పోయేది. ఎంక్వైరీ అయ్యాక పిల్లని ఇంటికి పంపారు. ట్యూటర్‌ని ఎవరూ ఒక్క ప్రశ్న వేయలేదు. ఆ పిల్ల చదువు మానేసిందని తర్వాత విన్నాను. మంచి చెయ్యి ఉన్న పిల్ల, సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే క్యాన్యులా ఒక్కసారికే పెట్టేది.

అందుకే బుజ్జీ, నాకు నీ పాఠం గురించి బెంగ లేదు, నీ గొంతు గురించి బెంగ. చిన్నప్పటినుంచీ నీకు కోపం ముక్కు మీద ఉంటుంది. పేషెంటు ముందు పిల్లల్ని తిట్టకు. ప్రమాదం అనిపిస్తే చెయ్యి పట్టుకుని ఆపు, తిట్టాల్సింది పక్కకి తీసుకెళ్లి తిట్టు. మొదటి రోజే చెప్పు: తప్పు జరిగితే ముందు నాకు చెప్పండి, చెప్పినవాళ్లని నేను కాపాడతాను అని. చెప్పాక నిజంగా కాపాడు, ప్రిన్సిపాల్ దగ్గరికి నువ్వే వెళ్లు.

వార్డులో పది మంది స్టూడెంట్లకి ఒక టీచర్ ఉండాలని నర్సింగ్ కౌన్సిల్ చెప్తుంది. నీకు అంతకంటే ఎక్కువమందిని అప్పగిస్తే రాతపూర్వకంగా అడుగు. ఒప్పుకోకపోతే మందులు ఇచ్చే వేళకైనా ప్రతి ఒక్కరి పక్కనా నువ్వే ఉండేలా చూసుకో. ఇన్సులిన్, పొటాషియం క్లోరైడ్, హెపారిన్, మోతాదు తప్పితే ప్రాణం మీదికొచ్చే మందులివి, వీటిని ఏ స్టూడెంటూ ఒంటరిగా ముట్టుకోకూడదు. లాగ్‌బుక్కులో కళ్లారా చూసిన పనికే సంతకం పెట్టు. 2021 తర్వాత సిలబస్ సెమిస్టర్లలోకి మారింది, స్కిల్ ల్యాబ్, మనిషి ఆకారపు బొమ్మల మీద ప్రాక్టీసు పెరిగాయి. మంచిదే. కానీ బొమ్మకి భయం వేయదు, నొప్పి పుట్టదు. ల్యాబ్‌లో నేర్పినదాన్ని ఆ వారంలోనే వార్డులో చూపించు. క్లాసులో తెలుగులో విప్పి చెప్పు, పరీక్షకి ఇంగ్లిష్‌లో రాయించు. పల్లెల నుంచి వచ్చిన పిల్లలు దాంతోనే నిలదొక్కుకుంటారు.

వార్డు వదిలేస్తున్నానని మాత్రం అనుకోకు. 1860లో నైటింగేల్ లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో స్కూలు పెట్టినప్పుడు పిల్లలకి పని నేర్పింది వార్డు సిస్టర్లే. వారానికి ఒక పూటైనా స్టాఫ్‌తో కలిసి పని చెయ్యి, ఎవరూ అడగకపోయినా. కోవిడ్ రెండో వేవ్‌లో పీపీఈ కిట్‌లో చెమటతో తడిసి, పేషెంట్లని బోర్లా పడుకోబెట్టి, ఆక్సిజన్ రెండు పాయింట్లు పెరిగిందని రాత్రి రెండింటికి నాకు మెసేజ్ పెట్టేదానివి గుర్తుందా? ఊపిరి ట్యూబు ఊడకుండా మనిషిని ఎలా తిప్పాలో, తల ఎటు పెట్టాలో, చెవికి, మోకాలికి పుండ్లు పడకుండా ఏం చేయాలో నీ చేతులకి తెలుసు. అది పిల్లలకి అందకపోతే నువ్వు వెళ్లి ఏం లాభం?

నీ నడుము నొప్పి సంగతి మీ అమ్మ చెప్పింది. నైట్ డ్యూటీలు మానడం తప్పని నేను అనను. విశ్రాంతి నీకు కావాలి తల్లీ, తీసుకో. చేరే ముందు ఒక వారం మా ఇంటికి వచ్చి ఉండు. నా పాత లెసన్ ప్లాన్లు, కేర్ ప్లాన్ నోట్సు అన్నీ అటక మీద ఉన్నాయి, దింపించి దులిపి పెడతాను. ఈలోగా ఒరిజినల్స్ గురించి ఆ కాలేజీవాళ్లు ఏమన్నారో, నీకు ఎంతమందిని అప్పగిస్తామన్నారో కనుక్కుని ఆదివారం లోపల ఫోన్ చెయ్యి.

మీ అత్త