64 ఏళ్ల మా నాన్నగారికి విటమిన్ డి, టెస్టోస్టెరాన్ రెండూ తక్కువ వచ్చాయి. డి వేసుకుంటే రెండోదీ పెరుగుతుందా?

పెరగదు. ఆ ఆశతో మాత్రం డి ప్యాకెట్లు కొనకండి. మీ నాన్నగారికి డి నిజంగానే తక్కువుంటే డాక్టర్ చెప్పినట్టు వేయించండి, ఎముకలకూ కండరాలకూ మంచిది. దాన్ని టెస్టోస్టెరాన్ అనే మగవాళ్ల హార్మోన్‌తో ముడిపెట్టి అమ్ముకునేవాళ్లంటేనే నాకు ఒళ్లుమంట. ఎందుకో తెలియాలంటే మా బావగారి సంగతి వినాలి.

బావగారంటే మా ఆవిడ అన్నగారు. అనంతపురంలో లెక్కల మాస్టారుగా రిటైరై, ఇప్పుడు బెంగళూరు మారతహళ్లిలో కొడుకు ఫ్లాట్‌లో ఉంటున్నారు. 69 ఏళ్లు. ఊళ్లో ఉన్నన్నాళ్లూ మిట్టమధ్యాహ్నం సైకిల్ తొక్కిన మనిషి. ఇక్కడికొచ్చాక పదకొండో అంతస్తులో, అద్దాలు బిగించిన బాల్కనీలో కూర్చుని పేపర్ చదువుతూ "ఎండ బాగా తగులుతోంది బావా" అనేవారు. తగిలేది వేడి మాత్రమే. చర్మంలో డి తయారుచేసే యూవీ-బి కిరణాలు కిటికీ అద్దం దాటి రావు. ఆ మాటంటే "ఫ్యాక్టరీలో పనిచేసినోడివి, నాకు సైన్సు చెప్తావా" అన్నారు.

కొన్నాళ్లకు నీరసం మొదలైంది. పిక్కలు లాగడం, కుర్చీలోంచి లేవాలంటే చేతులు ఆనించడం, పగలంతా కునికిపాట్లు. కొడుకు కంగారుపడి ఫోన్‌లోనే ఏదో పురుషుల ఆరోగ్య ప్యాకేజీ బుక్ చేశాడు. ఉదయం ఏడింటికి రావాల్సిన ల్యాబ్ కుర్రాడు రింగ్ రోడ్ ట్రాఫిక్ దాటుకుని వచ్చేసరికి సాయంత్రం నాలుగున్నర. అప్పటికి బావగారు సుష్టుగా భోంచేసి ఒక కునుకు కూడా తీశారు. "ఫాస్టింగ్ షుగర్ ఒక్కటే రేపు తీస్తా అంకుల్, మిగతావాటికి ఏం పర్లేదు" అంటూ నాలుగు ట్యూబులు నింపుకుని వెళ్లాడు ఆ అబ్బాయి.

రిపోర్ట్‌లో డి 11, టెస్టోస్టెరాన్ 238. రెండూ ఎర్ర అక్షరాల్లో. ఆ రాత్రే ఫోన్: సార్‌కి హార్మోన్ డేంజర్ లెవెల్లో ఉంది, డి త్రీ, జింక్, అశ్వగంధ కలిపిన మూడు నెలల కోర్సు ఉంది, 9,000 రూపాయలు, ఇవాళే కడితే డిస్కౌంట్. రిపోర్ట్ ఇంకా డాక్టర్ చేతికే పోలేదు, మందు అమ్మేవాడికి ఎలా చేరిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ ఎర్ర అక్షరాలు చూసి బావగారు రెండు రోజులు సరిగ్గా తినలేదు. మత్తికెరె నుంచి నేను వెళ్లి, కొడుకునీ వెంటబెట్టుకుని హార్మోన్ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. చిన్న వయసావిడ, కన్నడావిడే గానీ తెలుగు బాగానే వచ్చు. రిపోర్ట్ చూడకముందే అడిగిన మొదటి ప్రశ్న: "శాంపిల్ ఎన్ని గంటలకు తీశారు?"

"నాలుగున్నరకి."

"తిన్నాకా?"

"మామిడికాయ పప్పు" అన్నారు బావగారు.

ఆవిడ ఆ కాగితం పక్కన పెట్టేసింది. టెస్టోస్టెరాన్ పొద్దున ఎక్కువ, సాయంత్రానికి తగ్గుతుంది, తిన్న తర్వాత ఇంకా తగ్గుతుంది. ఉదయం ఏడు నుంచి పది లోపు పరగడుపున తీయాలి. తక్కువ వస్తే ఇంకో రోజు మళ్లీ తీయాలి. రెండుసార్లూ తక్కువై, దానికి తగ్గ లక్షణాలు కూడా ఉంటేనే లోపం అంటారట. లక్షణాలంటే ఏమిటో అడగడం మొదలుపెట్టింది: కోరిక ఎలా ఉంది, తెల్లవారుజామున అంగస్తంభన ఉంటోందా అని. బావగారు గోడ మీద థైరాయిడ్ బొమ్మ కేసి చూస్తూ "నువ్వు చెప్పు బావా" అన్నారు. నేనేం చెప్పను? ఆవిడ నవ్వకుండా కొడుకునీ నన్నూ బయట కూర్చోమంది. తలుపు వేశాక లోపల ఏం మాట్లాడారో నాకు తెలియదు, మీకూ అనవసరం.

ఉదయం పూట తీయిస్తే ఒకసారి 371, ఇంకోసారి 386 వచ్చింది. సాధారణంగా 300 కిందకి పోతేనే తక్కువ అంటారు. నడివయసు నుంచి ఏటా ఇంచుమించు ఒక శాతం చొప్పున తగ్గడం మామూలే కాబట్టి, 69 ఏళ్లకు ఆయన లెవెల్ భేషుగ్గా ఉన్నట్టు. డి మాత్రం నిజంగానే తక్కువ. వారానికి ఒక 60,000 యూనిట్ల ప్యాకెట్ చొప్పున ఎనిమిది వారాలు, తర్వాత నెలకొకటి. పాలల్లో కలుపుకుని భోజనం తర్వాత తాగమంది, కొవ్వుతో అయితేనే ఒంటికి పడుతుందని. మూడు నెలలకు డి 36కి చేరింది, పిక్కల నొప్పి సగానికి సగం తగ్గింది. టెస్టోస్టెరాన్ 379. ఎక్కడిదక్కడే!

ఒక్క మనిషిని చూసి చెబుతున్నానని అనుకోకండి. ఈ ప్రచారానికి మూలం ఆస్ట్రియాలోని గ్రాజ్ నగర డాక్టర్లు పాలుపంచుకున్న ఒక పరిశోధన. లావుగా ఉన్న మగవాళ్లకు ఏడాదిపాటు రోజూ డి ఇస్తే టెస్టోస్టెరాన్ పెరిగిందని 2011లో రాశారు. అదే గ్రాజ్ డాక్టర్లు తర్వాత హార్మోన్ మామూలుగా ఉన్నవాళ్ల మీద, తక్కువ ఉన్నవాళ్ల మీద విడివిడిగా ప్రయోగం చేసి, 2017లో ఒకటి, 2019లో ఒకటి ఫలితాలు ప్రకటించారు. రెండింట్లోనూ టెస్టోస్టెరాన్ పెరగలేదు. అమ్మేవాళ్ల నోట మొదటిదే వినిపిస్తుంది, మిగతా రెండూ వినిపించవు.

మరి రెండూ కలిసి ఎందుకు తగ్గుతాయి? నన్నడిగితే చాలామందిలో అసలు నేరస్థుడు పొట్ట. డి కొవ్వులోకి పోయి అక్కడే చిక్కుకుంటుంది, రక్తంలోకి తక్కువ వస్తుంది. అదే కొవ్వు టెస్టోస్టెరాన్‌ని కొంత ఈస్ట్రోజెన్ అనే ఆడవాళ్ల హార్మోన్‌గా మార్చేస్తుంది. పొట్ట ఉన్నవాడు ఎండలోకి వెళ్లడు, షుగర్ ఉంటుంది, నిద్ర సరిగా ఉండదు. రిపోర్ట్‌లో రెండు ఎర్ర అక్షరాలు పక్కపక్కన పడతాయి, ఒకదాన్ని దిద్దితే రెండోది దిద్దుకుంటుందని మనం అనుకుంటాం.

ఎండ సంగతి వచ్చింది కాబట్టి మా జేపీ పార్క్ గురించి చెప్పాలి. పొద్దున ఆరున్నరకి స్వెట్టరూ మంకీ క్యాపూ మఫ్లరూ చుట్టుకుని, కళ్లు తప్ప ఏమీ కనపడకుండా రౌండ్లు కొడుతూ "లేత ఎండలో డి వస్తుంది" అనేవాళ్లు నా వాకింగ్ బ్యాచ్ నిండా ఉన్నారు. రౌండ్లయ్యాక దర్శిని హోటల్లో ఇడ్లీ వడ, ఒక బెన్నె దోశ, బై టూ కాఫీ. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి వైద్యులు పరిశీలించి, చర్మంలో డి తయారీకి బాగా పనికొచ్చే ఎండ పదకొండు నుంచి రెండు గంటల మధ్యదని తేల్చారు. బెంగళూరూ ఇంచుమించు అదే అక్షాంశం. మీ నీడ మీకంటే పొట్టిగా ఉన్నప్పుడు, చేతులూ కాళ్లూ కనపడేలా కాసేపు నిలబడితే ఫలితం. మన ఒంటి రంగుకి తెల్లవాళ్లకంటే ఎక్కువసేపే కావాలి. ఆ టైంలో బయట నిలబడితే అపార్ట్‌మెంట్ సెక్యూరిటీ వాడు "ఏం సార్, తాళం మర్చిపోయారా" అని అడుగుతాడు, అది వేరే బాధ.

అలాగని ఎక్కువ వేసుకుంటే ఎక్కువ లాభం అనే లెక్క అసలు వద్దు. మా బెంచీలో ఒకాయన వారానికొకటి వేసుకోమన్న ప్యాకెట్ రోజుకొకటి చొప్పున నెలపైన తాగాడు. విపరీతమైన దాహం, మలబద్ధకం, మాటలో తడబాటు. రక్తంలో కాల్షియం పెరిగిపోయి ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. ఆస్ట్రేలియాలో 70 దాటిన ఆడవాళ్లకు ఏడాదికోసారి ఒకేసారి 5 లక్షల యూనిట్లు ఇచ్చి చూస్తే, పడిపోవడాలూ ఎముకలు విరగడాలూ తగ్గకపోగా పెరిగాయి. "ఒక్క ఇంజెక్షన్‌తో ఏడాదికి సరిపోతుంది" అనే కాంపౌండర్ ఎవరైనా తగిలితే దండం పెట్టి వచ్చేయండి.

ఇంతకీ బావగారి పగటి నీరసం డి ప్యాకెట్లతో పోలేదు. మా అక్కయ్యగారు, అంటే ఆయన భార్య, ఒకరోజు డాక్టర్‌తో "ఈయన గురక మధ్యలో ఆగిపోతుందమ్మా, నేను లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంటా" అనడంతో అసలు విషయం బయటపడింది. నిద్రలో శ్వాస ఆగే జబ్బు. ఇప్పుడు గాలి పంపే మిషన్ మాస్కు పెట్టుకుని పడుకుంటారు. మనవరాలు దాన్ని ఏనుగు తొండం అంటుంది. పగలు కునుకు మానేశారు, బరువు కూడా కాస్త తగ్గారు. ఆ 9,000 కోర్సు కట్టుంటే క్రెడిట్ మొత్తం ఆ డబ్బాకే పోయేది.

మీరు ప్రశ్నలో శాంపిల్ ఏ టైంలో తీశారో రాయలేదు. ముందు అది కనుక్కోండి, పొద్దున పరగడుపున కాకపోతే మళ్లీ తీయించండి. నాన్నగారి బరువెంత, రాత్రి గురక పెడతారా, షుగర్ ఉందా, స్టెరాయిడ్ మందులేమైనా వాడుతున్నారా, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. కిడ్నీలో రాళ్లు వచ్చిన మనిషైతే డి మొదలుపెట్టకముందే ఆ మాట డాక్టర్ చెవిన వేయండి. టెస్టోస్టెరాన్ ఇంజెక్షనో జెల్లో అని ఎవరైనా అంటే ప్రోస్టేట్ పరీక్ష, హిమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) చూడకుండా ఒప్పుకోవద్దు. ఇంకోటి, డాక్టర్ గదిలోకి ఆయన్ని ఒక్కరినే పంపండి, మీరు బయట కూర్చోండి.