వడ్లకు కుడతానన్న మేనకోడలికి

అమ్మడూ,

కార్తీకంలో ఊళ్ళోనే కుట్టుమిషను పెడుతున్నావని, డబ్బు లేనివాళ్ళు వడ్లు, కాయలు, పాలు ఏవిచ్చినా కుడతానంటున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. నా చెయ్యి మా అన్నయ్య కూతురికి వచ్చిందని మురిసిపోయాను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. ముమ్మిడివరం దగ్గర ముప్పయ్యేళ్ళు నేనూ అలాగే కుట్టాను కదా.

లైనింగుకి, హుక్కులకి, దారాలకి డబ్బే పుచ్చుకో. కరెంటు బిల్లు నువ్వు డబ్బుతోనే కట్టాలి. కుట్టుకూలి వరకే సరుకు. పాలైతే రోజూ అరలీటరు చొప్పున నెల లెక్క పెట్టుకో. అరటిగెల మొత్తం ఇస్తామన్నా రెండు హస్తాలు చాలని చెప్పు. కొబ్బరికాయని చెవి దగ్గర ఊపి నీళ్ళ చప్పుడు విను. అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో ఆ రోజు రేటెంతో పుస్తకంలో రాసుకో, వచ్చే నెలకి అదే రేటుండదు.

వడ్ల దగ్గర మాత్రం మొహమాటపడకు. బస్తా అంటే 75 కిలోలు, కాటా మీద చూసుకో. కుంచానికి నాలుగు మానికలే గానీ, రాశిగా పోసి కొలుస్తారా, చేత్తో తుడిచి కొలుస్తారా అన్నది ముందే అడుగు. గింజ పంటికింద పటుక్కుమనాలి. సర్కారు కొనుగోలుకే తేమ 17 శాతం దాటకూడదంటారు. పచ్చివి పుచ్చుకుంటే నీ చాప మీద ఆరేసరికి తరుగు నీదే.

మా చిన్నప్పుడు చాకలికీ, మంగలికీ, కమ్మరికీ కళ్ళంలోనే మేర, అంటే ఏడాది పనికి గింజల వాటా, కొలిచేవారు. అది తరాల కట్టుబాటు. నీదీ నాదీ ఉత్త నోటిమాట. నా భయమంతా అక్కడే.

1996 శ్రావణంలో ఒక కౌలురైతు కూతురి పెళ్ళికి పదకొండు జాకెట్లు, లంగాలు, పిల్లల గౌన్లు కుట్టాను. "నూర్పులయ్యాక రెండు బస్తాలు కొలుస్తానమ్మా" అన్నాడాయన. సరేనన్నాను. పంట పోతే ఎలాగని ఆయన అనలేదు, నేనూ అడగలేదు.

నవంబరు 6న తుపాను వచ్చింది. స్వర్ణ రకం వరిచేలన్నీ నీళ్ళలో పడుకున్నాయి. తెల్లారి చూస్తే కొబ్బరితోటలు తోటలే నేలమీదున్నాయి. మా ఇంటి పెంకులు ఎగిరిపోయాయి, మట్టిగోడ కూలి మిషను మీద పడింది. మీ మావయ్యకి పని లేదు. నెల తిరిగాక ఆ కౌలురైతు ఇంటికి వెళ్ళి అరుగు మీద కూర్చున్నాను. బాకీ అని నోటితో అనలేదు. "పిల్లలకి గింజలు లేవన్నయ్యా" అన్నాను. ఆయన నా వంక చూసి, లోపలికెళ్ళి, అటక మీంచి ఒక బస్తా దింపి తెచ్చి నా ముందు పెట్టాడు. ఆయన భార్య గుమ్మంలో నిలబడి చూస్తోంది, ఒక్క మాట మాట్లాడలేదు.

ఇంటికొచ్చి మూతి విప్పితే వడ్ల మధ్య ఎండిన వేపాకు. తినే గింజల్లో మనూళ్ళో వేపాకు ఎవరు వేస్తారు? అవి దాళ్వాకి, రెండో పంటకి, దాచుకున్న విత్తనాలు. నాకు తెలిసింది అమ్మడూ. అప్పుడే మోసుకెళ్ళి ఇచ్చేయవచ్చు. మీ బావలిద్దరూ ఆకలితో నా మొహం వంకే చూస్తున్నారు. మిల్లుకి పంపేశాను. ఆయన విత్తనాలు అప్పుకి తెచ్చుకుని ఆలస్యంగా నారు పోశాడు. కౌలు బస్తాల బాకీ అప్పటికే ఆయన నెత్తి మీదుంది.

నన్ను ఇప్పటికీ తినేసేది ఇంకొకటుంది. ఆయన పెంకులు నేయడంలో మంచి పనివాడు. గింజలకి బదులు మా కప్పు నేసిపెట్టమని అడిగుంటే రెండ్రోజుల్లో బాకీ తీరేది, ఆ బస్తా ఆయన అటక మీదే ఉండేది. గింజలనుకున్నాం కాబట్టి గింజలేనని కూర్చున్నాను. తర్వాత ఆ ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డకీ జుబ్బా కుట్టి పంపాను. వాళ్ళు పుచ్చుకున్నారు. నా మనసే తేలికపడలేదు.

అందుకని గుడ్డ కత్తిరించకముందే ఎదటివాళ్ళని కూర్చోబెట్టి అడుగు. పంట పోతే ఈ బాకీ వచ్చే పంటకా, పనికా, కొట్టేసినట్టా? వాళ్ళ చేత చెప్పించి, వాళ్ళెదుటే రాసి, చదివి వినిపించు. కఠినంగా మాట్లాడుతుందని అనుకుంటారేమో, అనుకోనీ. నీకు నాలాగే మొహమాటం ఎక్కువ, మీ అమ్మ ఎన్నిసార్లు చెప్పినా వినవు. ఎవరి బస్తాలోనైనా వేపాకు కనబడితే మూతి కట్టి, ఆ పూటే తిప్పి పంపెయ్యి.

నా పెద్ద కత్తెర సానపట్టించి మీ నాన్నకిచ్చి పంపుతున్నాను. మొదటి జాకెట్ నాదే కుట్టు. నా పాత కొలతలు పనికిరావు, బాగా చిక్కాను. వచ్చినప్పుడు టేపు తెచ్చుకో.

మీ అత్త