కోడలు కొట్టిన కుండ

ప్రశ్న: అమెరికాలో నల్లజాతివారు రోడ్డెక్కితే "శాంతంగా చెప్పొచ్చుగా" అంటారు. జాతీయ గీతం వేళ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు కేపర్నిక్ నిరసనగా, మౌనంగా మోకరిల్లితే "జెండాకు అవమానం" అన్నారు. మరెలా చెప్పాలండీ?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అసలు చెప్పొద్దనేగా అమ్మా వాళ్ల ఉద్దేశం! 2016లో కోలిన్ కేపర్నిక్ మొదట బెంచీ మీద కూర్చునే ఉండేవాడు. మాజీ సైనికుడు నేట్ బోయర్‌తో మాట్లాడాక, మర్యాదగా ఉంటుందనే మోకాలి మీదికి మారాడు. ఏం లాభం? 2017లో ఏ జట్టూ తీసుకోలేదు.

నన్నడిగితే ఇంతకంటే గట్టి ఉదాహరణ 1968 మెక్సికో ఒలింపిక్స్. 200 మీటర్ల పరుగులో అమెరికా నల్లజాతి ఆటగాడు టామీ స్మిత్‌ది 19.83 సెకన్ల ప్రపంచ రికార్డు, స్వర్ణం. అతని సహచరుడు, మరో నల్లజాతి ఆటగాడు జాన్ కార్లోస్‌కు కాంస్యం. నల్లవారి పేదరికానికి గుర్తుగా బూట్లు విప్పి, నల్ల సాక్సులతో పోడియం ఎక్కి, జాతీయ గీతం వేళ నల్ల గ్లవ్ తొడిగిన పిడికిలి పైకెత్తారు. గ్లవ్స్ ఒక్క జతే ఉంది (కార్లోస్ తనవి మర్చిపోయి వచ్చాడు!), అందుకే ఒకరిది కుడి పిడికిలి, ఇంకొకరిది ఎడమ. నోరు విప్పింది లేదు, ఎవరినీ తోసింది లేదు. ఇద్దరినీ జట్టులోంచి తీసేసి ఇంటికి పంపారు.

పట్టుబట్టి పంపించినది ఎవరనుకున్నారు? అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ అధ్యక్షుడు ఏవరీ బ్రండేజ్. ఆటల్లో రాజకీయాలేమిటని ఆయన కోపం. ఇదే పెద్దమనిషి 1936లో అమెరికా ఒలింపిక్ కమిటీకి పెద్దగా ఉన్నప్పుడు, బెర్లిన్‌లో నాజీ సెల్యూట్లకు కిమ్మనలేదు. అత్త కొట్టింది అడుగోటి కుండ మరి!

ఆ పోడియం మీద స్మిత్, కార్లోస్‌లకు మద్దతుగా బ్యాడ్జీ పెట్టుకున్న రజత విజేత, ఆస్ట్రేలియా తెల్లవాడు పీటర్ నార్మన్‌కు స్వదేశం వచ్చాక ఆయన్ని చూసిన తీరుకు ఆ దేశ పార్లమెంటు 2012లో క్షమాపణ చెప్పింది. ఆయన 2006లోనే పోయారు.